భద్రయ్యగారు ఖాళీగా ఉంచిన పేజీ

భద్రయ్యగారు దివంగతులయ్యారన్న వార్త మొన్న శుక్రవారం ఆఫీసు పార్కింగ్ లాట్‌లో నా చెవిన పడింది. కారు దిగకుండా ఎంతసేపు కూర్చుండిపోయానో తెలియదు. ఆయన ఇచ్చిన ఫోన్ నంబరు చీటీ నా బ్యాగ్‌లో అలాగే ఉంది. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు.

ఇక్కడ అమెరికాలో, ట్రాయ్ ఊళ్లో మూడు దశాబ్దాలు కార్ల డిజైన్ ఇంజనీరుగా పనిచేసిన ఆ మహనీయుడు నాకు తొలి మేనేజర్. పది నిమిషాలు కుర్చీలో నిలవని మనిషి. రిటైరయ్యాక ఆయనకు పట్టిన పిచ్చి ఒక్కటే. ఊరి చివర పంతొమ్మిది వందల యాభైల్లో కట్టిన సప్పర్ క్లబ్, అంటే రాత్రి భోజనం, డాన్సు ఉండే పాతకాలపు హోటల్, దాని చరిత్ర రాయాలి. కార్ల కంపెనీలు కుదేలైన ఏడాది అదీ మూతపడింది. "కూలగొట్టేలోగా రాయాలమ్మా. గోడలు పోతే మనుషులు కూడా మర్చిపోతారు" అనేవారు. మంచు కురుస్తున్నా సరే, నా కార్లో పాత వెయిట్రెస్‌ల ఇళ్లన్నీ తిరిగాం. "రేపు వెళ్దాం అంకుల్" అంటే ముఖం గంటు పెట్టుకునేవారు.

ఆ తహతహకు మూలం ఆయనే చెప్పారు. అమెరికా వచ్చిన కొత్తలో, శుద్ధ శాకాహారి, ఒక శుక్రవారం ఒంటరిగా ఆ క్లబ్‌కు వెళ్లారట. భోజనానికి ముందు ప్రతి బల్ల మీదా కేరట్, సెలెరీ, ముల్లంగి ముక్కల పళ్లెం ఊరికే పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఈయన అదే భోజనమనుకున్నారు. వెయిట్రెస్ ఆర్డర్ అడగడానికి వచ్చేసరికి పళ్లెం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, థాంక్స్ చెప్పి లేచిపోయారు. "అంత దూరం డ్రైవ్ చేసి కుందేలు మేత మేసొచ్చానమ్మా" అని తనమీద తనే నవ్వుకునేవారు.

మరుసటి శుక్రవారం మళ్లీ వెళ్లి కూర్చోగానే, అడక్కుండానే, వంటింట్లోంచి కాల్చిన బంగాళాదుంప, వెన్న, ఉడికించిన బీన్స్ వచ్చాయి. అప్పట్నుంచీ వెళ్లిన ప్రతిసారీ అంతే. పంపినదెవరో ఎవరూ చెప్పలేదు, మొహమాటంతో ఈయన అడగలేదు. క్లబ్ ఎవరు కట్టారో, డాన్స్ ఫ్లోర్ ఎప్పుడు తీసేశారో అన్నీ రాశారు గానీ, ఆ వంటమనిషి పేరు రాయాల్సిన పేజీ మాత్రం ఖాళీ. "పెట్టిన చెయ్యి ఎవరిదో తెలుసుకోకుండా పోతే, నేను తిన్నదంతా దొంగతిండేనమ్మా" అన్నారొకసారి.

నెల కిందట ఒక వెయిట్రెస్ ద్వారా ఆ వంటమనిషి నంబరు దొరికింది. ఆయనకు ఫోన్లో మాటలు సరిగా వినబడవు. "నువ్వే మాట్లాడి చెప్పు తల్లీ" అని చీటీ నా చేతిలో పెట్టారు. ప్రాజెక్ట్ రిలీజ్ అన్నాను, వీసా ఎక్స్‌టెన్షన్ అన్నాను, పిల్లాడికి జ్వరమన్నాను. రెండుసార్లు అడిగారు. మూడోసారి అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను తినేస్తోంది.

అంత్యక్రియల మర్నాడు ఫోన్ చేశాను. దగ్గర్లోని నోవై ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్న వృద్ధురాలు, పేరు ఎల్సీ. నేను సగం చెప్పేలోపే అందుకుంది.

"కేరట్లన్నీ తినేసి వెళ్లిపోయిన కుర్రాడేనా? ఆకలితో పంపేశామని వారమంతా నా మనసు మనసులో లేదు. ఇప్పుడు బాగా తింటున్నాడా?"

ఆయన పోయారని చెప్పాను.

అంకుల్, ఒక్క బంగాళాదుంపను జన్మంతా గుర్తుంచుకున్న మీవంటి కృతజ్ఞతామూర్తి మాకు మళ్లీ దొరకరు. ఆ పేజీలో ఆవిడ పేరు రాసి, మీ ఫోటో ముందు పెట్టి నమస్కరించాను. నెల రోజులు ఆలస్యంగా.