పది అడుగులు

బ్యాంకాక్ సంతలో పట్టు కండువా బేరం కుదరక వెనుదిరిగాను. కొత్త బట్టల వాసన వెంటే వచ్చింది.

నా ఎనిమిదో ఏట, సౌకార్‌పేట బట్టల బజారులో అమ్మ ఒక ఆకుపచ్చ చీర మీద మనసు పడింది. కొట్టాయన నూట ఇరవై అన్నాడు. అమ్మ దగ్గర తొంభై ఉంది.

"వద్దులే అన్నా," అని లేచి, నా చెవిలో చెప్పింది: "పది అడుగులు లెక్కపెట్టమ్మీ. ఆలోపల పిలుస్తాడు చూడు."

గట్టిగా లెక్కపెట్టాను. ఆరు దాటాక అమ్మ అడుగులు చిన్నవయ్యాయి. కాళ్లు నొప్పేమోనని చెయ్యి పట్టి లాగాను.

"ఏందే తొందర?"

"పది!" అన్నాను, గెలిచినట్టు. ఎవరూ పిలవలేదు. అమ్మ మళ్లీ ఆ కొట్టు వైపు వెళ్లలేదు.

ఇక్కడ, కండువా కొట్టు దాటి ఏడో అడుగుకే నా నడక దానంతటదే నెమ్మదించింది. ఆ రోజు అమ్మకు కాళ్ల నొప్పి కాదు. నేను లాగకపోతే ఆ పదో అడుగు ఇంకాస్త ఆలస్యంగా పడేది.