టముకు వినపడని పేట

వీధి చివర సభకు మైకు కడుతున్నారు. అది కీచుమంది. ఇన్నేళ్లొచ్చినా ఆ చప్పుడుకి నాకు మా ప్రెసిడెంటుగారే గుర్తొస్తారు. అమలాపురం దగ్గర మా ఊరికి సర్పంచి, వెంకటరత్నంగారు. పీలగా ఉండేవారు, గొంతూ అంతే. సభలో ఆయన మాట వెనక కూర్చున్నవాళ్ల దాకా వచ్చేది కాదు.

ఎనభైల మొదట్లో అనుకుంటా, ముసురు విడవకుండా పట్టి ఊరి చేలన్నీ మునిగాయి. గట్టుకి గండి కొడితే నీరు దిగిపోతుంది. దిగేది పల్లంలో ఉన్న మా పేటలోకే. మంచంలోంచి లేవలేని మా అమ్మ అక్కడే ఉంది. పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టి, ఊళ్లో పెద్ద రైతు చిట్టిబాబుగారు మైకు పట్టుకున్నారు. ఆయన నోరు విప్పితే జనం ఊగిపోయేవారు.

"ఊరు మీది, చేలు మీవి! మధ్యలో ఆఫీసర్లెందుకండీ మనకి? గండి కొట్టాలన్నవాళ్లు చెయ్యెత్తండి!"

చేతులన్నీ లేచాయి. సంగతి విని నేను అప్పుడే పరిగెత్తుకొచ్చాను.

ప్రెసిడెంటుగారు లేచి, "పేటలో టముకు వేసేరా?" అని అడిగారు. సభ పెడితే ఇంటింటికీ వినపడేలా టముకు వేయించడం మా ఊరి పద్ధతి. ఆ రోజు అది పేట మలుపు దగ్గరే ఆగిపోయింది.

"టీచరమ్మా, నువ్వు చెప్పమ్మా" అని ప్రెసిడెంటుగారు మైకు నా చేతికిచ్చారు. బడిలో అప్పుడే చేరినదాన్ని. అమ్మ సంగతి చెప్పాను. ఆయన మళ్లీ చేతులెత్తమన్నారు. కొన్ని తగ్గాయి, అంతే! ఇంకా వాళ్లవే ఎక్కువ. నాకు ఒళ్లు మండిపోయింది.

"చూసేరా? జనం మాట కాదంటారా?" అన్నారు చిట్టిబాబుగారు.

"ఆయ్, కాదంటానండి. నా చేనూ ములిగింది. అయినా కాదనే అంటాను. ఒకళ్ల కొంప ముంచడానికి ఎన్ని చేతులెత్తినా చాలవండి."

వెళ్లి గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్నారు ప్రెసిడెంటుగారు. పలుగులతో వచ్చినవాళ్లు తిట్టారు, మీద మీదకొచ్చారు. ఆయన్ని లేపి పక్కన పెట్టడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. నీరు దానంతటదే తీసేదాకా ఆయన కదల్లేదు. ఊళ్లో పంట కుళ్లిపోయింది, ఆయనదీ పోయింది.

ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన్ని చిత్తుగా ఓడించి చిట్టిబాబుగార్ని గెలిపించారు. నేను ఏడుస్తూ వెళ్లేసరికి వెంకటరత్నంగారు అరుగు మీద చీపురుకి కొబ్బరి ఈనెలు చీరుతున్నారు.

"ఎంత అన్యాయమండీ!" అన్నాను.

"ఊరుకోమ్మా, అన్యాయమేంటి? నన్ను దించడం వాళ్ల హక్కు. మీ ఇల్లు ముంచడం కాదు" అన్నారు, తల ఎత్తకుండానే.

వీధి చివర మైకు సర్దుకుంది. ఎవరో చేతులెత్తమంటున్నారు, చప్పట్లు మోగుతున్నాయి. చెప్పులేసుకుని బయల్దేరాను, ఈ సభకి ఎవర్ని పిలవలేదో కనుక్కుందామని.