జావలో కలిపిన గోలీ

సోమయ్య మామ ఎదురైతే నేను దారి మార్చుకోవడం మొదలై నాలుగేళ్లయింది. ఎందుకో ఆయనకు తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. మోయలేక మీకు చెబుతున్నాను.

మా నాన్న సారపాకలో కాంట్రాక్టు కూలీ. సారా లేనిదే పొద్దు గడిచేది కాదు. ఖమ్మంలో డాక్టరు తాగుడు మాన్పించే గోలీలు రాసిచ్చి, ఇవి వాడుతూ ఒక్క గుక్క తాగినా ప్రాణం మీదికొస్తుందని మా ఇద్దరికీ చెప్పాడు. బయటికి రాగానే నాన్న చీటీ నలిపి పారేశాడు. నేను ఏరుకుని గోలీలు కొన్నాను.

అమ్మకు కూడా చెప్పకుండా రోజూ గోలీ నూరి ఆయన రాగిజావలో కలిపాను. నాలుగో రోజు సారా తాగి వాంతులు చేసుకున్నాడు. ఒంటికి పడట్లేదని తనే మానేశాడు. భయపడాల్సిన చోట నాకు గర్వమెందుకు కలిగింది?

జీలుగు కల్లును మా వైపు ఎవరూ తాగుడు కింద లెక్కపెట్టరు. పరగడుపున తాగితే ఒంటికి మంచిదంటారు. ఇన్ని పుస్తకాలు చదివిన నేనూ అలాగే అనుకున్నాను. గూడెంలో జీలుగు చెట్టు గీసే సోమయ్య మామ ఒక ఉదయం ముంత నిండా తెచ్చాడు.

"సారా బందు పెట్టినవంట బావా! మొఖం గట్ల వాడింది. ఇది తాగు, పాలసొంటిది."

నేనే చెంబులో వంచి ఇచ్చాను. పావుగంటకు నాన్న మొహం ఎర్రగా కందిపోయింది. గుండె పట్టుకుని గోడవారకు జారాడు.

దవాఖానాలో నర్సు అడిగింది. "గోలీలేమన్న మింగుతుండా?"

"లేదక్కా."

"మంచిగ యాది చేస్కో. ఏం తాగిండు మరి?"

"కల్లు. సోమయ్య మామ తెచ్చిండు."

మామ అందులో ఏదో కలిపాడని నేను అనలేదు. అనాల్సిన అవసరం ఉందా? సాయంత్రానికి ఊరంతా అదే అన్నది.

నాన్న బతికాడు. వారానికి లేచి, గొడ్డలి తీసుకుని గూడెం వెళ్లాడు. వెనక పదిమంది. వాళ్ల వెనక నేను.

"బామ్మర్ది అనుకుంటె సంపజూస్తివి గదరా!"

"నేనేం కలపలే బావా" అన్నాడు మామ. చెట్టుకు అడ్డం మాత్రం రాలేదు. మామ ఇల్లు ఆ ఒక్క జీలుగు చెట్టు మీదే నడిచేది. నేను నోరు తెరిస్తే వేటు ఆగేది. తెరవలేదు. నాన్న చేయి ఒక్కసారీ వణకలేదు. తాగుడు మాన్పించి ఆ చేతికి అంత నిలకడ తెచ్చింది నేనే కదా అనుకుంటూ, చెట్టు ఒరిగేదాకా చూశాను.

తరువాత గోలీ కలపలేదు. నాన్న మళ్లీ తాగలేదు. నిజం చెబితే ఆ గొడ్డలి ఎటు తిరుగుతుందో నాకు తెలియదు.

సోమయ్య మామ కల్లులో ఏమీ లేదు. గోలీ కలిపింది నేను. రాశాను.