నక్షత్రశాలలో ఆయమ్మ

వరహాలమ్మ పుట్టింది ఇచ్ఛాపురం పక్కన, ఒడియా మాట్లాడే ఇంట్లో. మెట్టింది మందస. బడిలో ఆయా పని. పిల్లల ముక్కులు తుడిచి, ఊడిన జడలు బిగించి, వేళకి గంట కొట్టేది ఆవిడే. పిల్లలందరికీ ఆయమ్మ.

పిల్లల్ని భువనేశ్వర్ సైన్సు మ్యూజియానికీ, నక్షత్రశాలకీ తీసుకెళ్తున్నారనీ, తోడు తనే వెళ్లాలనీ తెలిసిన దగ్గర్నుంచి ఆమెకి కాలు నిలవలేదు.

"పట్టపగలే సుక్కలు సూపిత్తారట!" అంది మొగుడు కన్నయ్యతో.

"నిన్ను సేసుకున్న కాన్నుంచీ నాకు రోజూ కనబడతన్నాయే. దానికి అంత దూరం ఎల్లాలేటి?" అన్నాడతను.

రెండువేల ఒకటి డిసెంబరులో ఒకనాడు తెల్లారగానే ముప్పై మంది పిల్లలూ, సైన్సు టీచరు జ్ఞానసుందరీ, వరహాలమ్మా పలాసలో రైలెక్కారు. టీచరు ప్రార్థన చేయించింది. వరహాలమ్మ ఊరి అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. మ్యూజియంలో వంకర అద్దం ముందు తన పొట్ట చూసుకుని, "ఓలమ్మా, పొద్దున్న తిన్న ఇడ్లీలన్నీ కనబడిపోతన్నాయి!" అనేసరికి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

తీరా నక్షత్రశాల గుమ్మం దగ్గర చూస్తే టికెట్లు ముప్పై ఒకటే. ముందే తెప్పించిన బడివాళ్లు ఆయాని మరిచిపోయారు. పొద్దున్నుంచీ పిల్లల వెనకాల పరిగెత్తే మనిషి వాళ్ల లెక్కకి మనిషి కాదు కాబోలు! ఇంకోటి కొందామంటే ఆ ఆటకి అమ్మడం ఆపేశారు.

"పరవానేదు టీచరమ్మా. నాను ఈడే కూకుంటాను" అంది వరహాలమ్మ. పైకి అలా అంది గానీ, తలుపు మూసుకోగానే ఏడుపొచ్చేసింది.

అయిదు నిమిషాలు కాలేదు, జ్ఞానసుందరి పరుగున బయటికొచ్చింది.

"రా వరహాలమ్మా! అంతా ఒడియాలోనే చెబుతున్నారు. పిల్లలకి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. గేటు దగ్గరాయన్ని బతిమాలి ఒప్పించాను, రా!"

చీకట్లో తడుముకుంటూ వెళ్లి పిల్లల మధ్య కూలబడింది. ఒక్క మాట తప్పినా పిల్లలకి అన్యాయమైపోతుందని కళ్లు గట్టిగా మూసుకుని, చెవులు రిక్కించింది.

"ఇనండర్రా! గురుడట. ఆడి కడుపులో మన బూమిలాంటివి వెయ్యికి పైనే పట్టెత్తాయట! ఇప్పుడు శని. ఆడి సుట్టూ మంచుముక్కల్తో వడ్డాణమర్రా, వడ్డాణం!"

పిల్లలు కేరింతలు కొట్టారు. ముందు వరసవాళ్లు 'ఉష్' అన్నారు. వింటేనా!

దీపాలు వెలిగాక జ్ఞానసుందరి ఆమె చేతులు పట్టుకుంది. "పన్నెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఇంత బాగా ఏనాడూ చెప్పలేదు. నీకెలా ఉంది మరి?"

"ఏటో తల్లీ, నాను సూడ్నేదు. మాట ఇనాల కదా, కళ్లు మూసుకున్నాను."

పిల్లలు బిత్తరపోయారు. అయిదో తరగతి షాలిని గేటు దగ్గరాయన చొక్కా పట్టుకు లాగి, ఆయమ్మ కళ్లు చూపించింది, పైకి గుమ్మటం చూపించింది. తరవాతి ఆటకి సగం కుర్చీలు ఖాళీ. ఆయన నవ్వి ఇద్దర్నీ లోపలికి పంపాడు.

దీపాలు ఆరాయి. "ఇప్పుడు నాను సెప్తాను, నువ్వు సూడు ఆయమ్మా" అంటూ షాలిని చెవిలో మొదలుపెట్టింది. "అదిగో గురుడు! ఇప్పుడు శని వత్తాడు..."

శని రానే వచ్చాడు. వరహాలమ్మ ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఊరుకోవే తల్లీ. నన్ను సూడనీ."