సీతాఫలాల గది

మా పెరట్లోని లెట్రిన్ గదిని కట్టిన రోజు నుంచీ ఎవ్వరం అందుకు వాడలేదు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ట్యాంకరు వచ్చిన రోజు బిందెల దగ్గర జుట్లు పట్టుకునే ఊరు మాది. మనిషికో బకెట్టు నీళ్ళు అందులో కుమ్మరించమంటే ఎవరు కుమ్మరిస్తారు? కట్టించినవాళ్ళు తలుపు ముందు మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీసుకుని పోయారు. మా అత్త ఆ వారమే లోపల ఎండుగడ్డి పరిచి సీతాఫలాలు మగ్గేసింది. నాలుగు గోడలు, పైన రేకు, ముందు రేకు తలుపు, దానికి బయటివైపు ఇనుప గడియ. లోపల ఎప్పుడూ ఉక్కగా ఉంటుంది. ఎంత గట్టికాయైనా రెండు రోజులకే మెత్తబడుతుంది. "దేనికో దానికి అక్కరకొచ్చినాది పోమ్మే" అనేది అత్త.

మాది చిలమత్తూరు దాటాక కొండ మొదట్లో ఉన్న ఊరు. మా ఇల్లు ఊరి కొసన. వెనక పెరడు, పెరటికి బండలు పాతిన కంచె, కంచె దాటితే కందిచేను, చేను దాటితే కొండ. మా ఆయన తాడిపత్రి బండల లారీ మీద డ్రైవరు. వారంలో ఒక్కరోజు ఇంట్లో ఉంటే గొప్ప. మిగతా రోజులన్నీ అత్తా, నేనూ, మా పోట్లాటలూ.

వాన పడినా పడకున్నా మా కొండమీద సీతాఫలం కాస్తుంది. నేను చెప్పే ఏడు చెనిక్కాయ పంట పూతమీదే మాడిపోయింది. కూలిపనులు లేవు. ఊళ్ళో ఆడవాళ్ళమంతా గంపలూ దోటీలూ పట్టుకుని కొండెక్కాం. దోటి అంటే చివర కొక్కెం కట్టిన పొడుగాటి కట్టె, కొమ్మను కిందికి లాగడానికి. చీకటితో పోయి, ఎండ ఎక్కేసరికి గంపలు నింపుకుని దిగేవాళ్ళం. బెంగళూరు పోయే రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మేవాళ్ళం. అట్లా పిందెలు తప్ప ఏమీ మిగలకుండా కొండంతా దులిపేశాం.

ఎలుగుబంట్లు తినేది కూడా ఆ పండే. ఇదేమీ మాకు తెలియని సంగతి కాదు. కానీ పొయ్యి వెలిగితే చాలనుకునే ఇంట్లో ఎలుగుబంటికి వాటా ఎవరు తీసిపెడతారు చెప్పండి? పండ్లన్నీ మా గదిలో మగ్గుతున్నాయి. ఆ వాసన ఎట్లాంటిదంటే, సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే వాసన. సాయంత్రం గాలి మా ఇంటిమీదుగా కొండవైపు తిరిగినప్పుడల్లా నేను లేచిపోయి వెనక తలుపు గడియ చూసుకునేదాన్ని. నాకు భయం వేస్తోందని అత్తతో అనడానికి మాత్రం నామోషీ.

మొదట కందిచేలో ఒక పుట్టను ఎవరో పారతో తవ్వినట్టు తవ్వి పారేసి ఉంది. తర్వాత మా కంచెకు అవతల పేడలాంటిది కనపడింది. దాని నిండా నల్లటి సీతాఫలం గింజలే. అత్త పుల్లతో కదిపి చూసి, "ఇంకా తడారలే. తెల్లారేముందు వచ్చి పోయినాది" అంది. మా వీధి కుక్కలు చీకటి పడితే మొరగడం మానేశాయి. వాకిళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుని సన్నగా మూలిగేవి. మొరిగే కుక్క కన్నా అది చెడ్డ చప్పుడు.

"ఆ పండ్లన్నీ తీసకపోయి రోడ్డుకాడ పడేద్దామత్తా. ఆ వాసనకే వస్తాండాది" అన్నాను.

"పడేస్తావా? కొండెక్కి దిగి నా మోకాళ్ళు అరిగిపోతే, నువ్వు పడేస్తావా? మగ్గనీ. మగ్గినాక దాని కతేందో సూద్దాం."

ఆమెతో వాదించడం కన్నా ఎలుగుబంటితో వాదించడం నయమనుకున్నాను. ఆ మాట ఎందుకనుకున్నానా అని ఆ తర్వాత చాలాసార్లు నా చెంపలు నేనే వాయించుకున్నాను.

మా ఊరి టీ అంగడి దగ్గర ఒక పెద్దాయన కూర్చుంటాడు. వయసులో ఉన్నప్పుడు కొండమీద మేకలు మేపుతుంటే ఆయనమీద ఎలుగుబంటి పడింది. ఆయన ముఖానికి ఒక పక్క కన్ను లేదు, చెంప లేదు. టీ తాగేటప్పుడు తువ్వాలు అడ్డం పెట్టుకుంటాడు. ఎలుగుబంటి తినడానికి మనిషిమీద పడదు. పడితే మాత్రం ముఖాన్నే పట్టుకుంటుంది. మా ఊళ్ళో పిల్లకాయలకు కూడా తెలుసు ఈ సంగతి. ఆయన ఎదురైన రోజు నాకు అన్నం సయించదు.

ఆ రోజు అప్పుడప్పుడే తెల్లవారుతోంది. నేను ముందు వాకిట్లో కసువు ఊడుస్తున్నాను. అత్త పెరట్లోకి పోయింది. గది తలుపు బార్లా తెరిచి ఉందట. "ఈ మహాతల్లికి తలుపెయ్యడం కూడా చేతగాదు" అని నన్ను తిట్టుకుంటూ, లోపలికి తొంగి కూడా చూడకుండా తలుపు ధన్‌మని మూసి గడియ బిగించింది. నేను ముందురోజు సాయంత్రం గడియ పెట్టే వచ్చాను. ఇప్పటికీ అదే మాట అంటాను, ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు.

గడియ పడగానే లోపలినుంచి ఏడుపు మొదలైంది. చంటిబిడ్డ గుక్కపట్టినట్టు ఏడుపు. ఆ వెంటనే కంచె అవతల కందిచెట్లు ఊగాయి. అత్త పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వచ్చింది. ఆమె పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. వెనక తలుపు వేసి, నా చెయ్యి పట్టుకుని మిద్దెమీదికి లాక్కుపోయింది.

పైనుంచి చూస్తే అంతా కనపడుతోంది. తల్లి ఎలుగుబంటి కంచె ఎక్కి పెరట్లోకి దూకింది. నల్లటి జూలు, రొమ్మున తెల్లటి మచ్చ. నేరుగా గది దగ్గరికి పోయి తలుపును గోళ్ళతో గీకింది. ఆ రేకు చప్పుడుకు నా పళ్ళు జివ్వుమన్నాయి. లోపల పిల్ల ఏడుస్తోంది. బయట తల్లి నిలబడుతోంది, కూలబడుతోంది, మళ్ళీ గీకుతోంది. తలుపు సొట్టలు పడుతోంది గానీ గడియ మాత్రం ఊడలేదు.

ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేశాను. "బండి వేరే ఊరికి పోయినాదమ్మా, ఆడ చిరుత పడినాదంట. వస్తాము. అంతవరకూ దాన్ని కదిలించద్దండి, రాళ్ళెయ్యద్దండి. వీలైతే దూరం నుంచి పిల్లకు దోవ ఇడిసిపెట్టండి" అన్నాడు అవతలాయన. దూరం నుంచి గడియ ఎట్లా తీస్తారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అప్పటికే ఊరంతా మిద్దెలమీద ఉంది. ఎవరిని చూసినా చేతిలో ఫోన్, ఫోన్ నిండా ఎలుగుబంటి. ఎవరో అన్నం తినే తట్టలు గరిటెలతో వాయించారు. ఎవరో మిగిలిపోయిన టపాకాయ ఒకటి వెలిగించి విసిరారు. అది పేలేసరికి ఎలుగుబంటి కంచె దాటి కందిచేలోకి పోయింది. కొండకు పోలేదు. చేలోనే అటూ ఇటూ తిరుగుతోంది. పిల్ల అరిచినప్పుడల్లా కంది చెట్ల మధ్య నిటారుగా లేచి నిలబడుతోంది.

అప్పుడు అత్త నా భుజం పట్టుకుంది. "ఈ పొద్దు వాడొస్తాడు కదమ్మే!"

ముందురోజు సాయంత్రం మా ఆయన ఫోన్ చేసి, పొద్దున్నే వస్తానన్నాడు. లోడు దించాక ఎవరిదో లారీ పట్టుకుని వస్తాడు. ఒక్కొక్కసారి స్టాపులో దిగి ఊళ్ళోనుంచి వస్తాడు. ఎక్కువసార్లు స్టాపుకు ముందే, రోడ్డు కింద వాన నీళ్ళు పోయే మోరీ దగ్గర దిగి కందిచేలో అడ్డం పడి వస్తాడు, దగ్గరని. ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. పక్కింటాయన బైకు వేసుకుని స్టాపుకు పోయాడు. మోరీ దగ్గరికి రోడ్డున చుట్టి పోయేసరికి మా ఆయన చేలో దిగిపోయి ఉంటాడు. అడ్డంగా పోవాలంటే చేను దాటాల్సిందే, ఎవరు పోతారు?

ఇంకో టపాకాయ పేలింది. ఎలుగుబంటి చేలో ఇంకాస్త లోపలికి జరిగింది, సరిగ్గా కాలిదోవ మీదికి. నాకు పిచ్చికోపం వచ్చింది. "ఆపండప్పా! మీ వీడియోలు మన్నుగాను! దాన్ని యాడికి తోల్తాండారు? ఆ దోవన మా మనిషొస్తాడు!" అని గొంతు చిరిగేటట్టు అరిచాను. తట్టల చప్పుడు ఆగింది. కానీ ఎలుగుబంటి అక్కడినుంచి కదల్లేదు. పిల్ల లోపలున్నంతసేపూ అది కదలదు. పిల్లను వదిలితేనే అది చేను వదులుతుంది.

మిద్దెమీద పెట్టిన రెండు దోటీలను అత్త చీర కొంగు చించి జోడించి కట్టింది. నేను పిట్టగోడ మీద పడుకుని కిందికి చాచాను. కొక్కెం గడియకు అందింది. కానీ ఆ గడియ పిడిని ముందు పైకెత్తాలి, ఆ తర్వాత పక్కకు లాగాలి. కట్టె కొస ఊగుతోంది, పిడి లేవడం లేదు. తగిలినప్పుడల్లా రేకు మోగి పిల్ల ఇంకా గట్టిగా ఏడుస్తోంది. తల్లి కంచెదాకా ఉరికొచ్చి వెనక్కి పోయింది. దోటి నా చేతుల్లోంచి జారి పెరట్లో పడిపోయింది.

అత్త అప్పటికే మెట్లవైపు నడుస్తోంది.

"నేను పోతానత్తా. నువ్వు పరిగెత్తలేవు."

"నువ్వు దానికంటే బిరీన పరిగెత్తుతావా? ఎవురు పోయినా ఒకటే. నీకు కండ్లు బాగుండాయి. పైన నిలబడి అది యాడుండాదో సెప్పు."

"నాకు మాత్రం మొగుడు కాదా!"

"నీకు మొగుడేలే. నేను కన్నాను" అని మెట్లు దిగింది.

వెనక తలుపు తెరుచుకుంది. గోడకు ఆనుకుని ఒక్కొక్క అడుగే వేస్తోంది. నేను పైనుంచి, "చేలోనే ఉండాది... అటు తిరిగినాది... పో అత్తా, పో" అని చెబుతున్నాను. ఆమె పిడిని పైకెత్తింది. తుప్పు పట్టిన గడియ కీచుమంటూ జరిగింది. తలుపు బయటికి తెరుచుకునేది. దాన్ని తనతోపాటే లాక్కుంటూ గోడదాకా పోయి, గోడకూ తలుపుకూ మధ్య నిలబడిపోయింది.

పిల్ల బయటికి రాలేదు.

నాకు అరవాలనిపించింది, "రాయే, రా" అని. ఎంతసేపటికో గుమ్మంలో ఒక నల్లటి మూతి కనపడింది. మూతి నిండా తెల్లటి గుజ్జు. ఊరకుక్కంత ఉంది. నాలుగడుగులు వేసి, పెరటి మధ్యలో నిలబడి ఒక్క కేక పెట్టింది.

కందిచేను రెండుగా చీలినట్టు తల్లి వచ్చింది. కంచె దాటడం కూడా నేను సరిగా చూడలేదు. వచ్చి పిల్లను మూతితో తోసి, నాకి, అటూ ఇటూ దొర్లించి చూసుకుంది. ఇక పోతుందనుకున్నాను. పోలేదు. తల తిప్పి తలుపువైపు చూసింది.

తలుపు కింద జానెడు సందు ఉంది. ఆ సందులో అత్త పాదాలు నాకు కనపడుతున్నాయి. పగిలిన బొటనవేళ్ళు, దుమ్ము. ఎలుగుబంటి వచ్చి రేకు అవతల నిలబడింది. మూతి ఆనించి గాలి పీల్చింది. ఆ బుస మిద్దెమీదికి వినపడింది. ఆ పాదాలు కదల్లేదు. నాకు దేవుడి పేరు ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. నా జన్మలో అంత భయం నేనెరుగను. అది ముందుకాళ్ళెత్తి లేచింది. రేకుకు ఇవతల దాని ముఖం, అవతల మా అత్త ముఖం. మధ్యన ఉన్నది సొట్టలు పడ్డ తలుపు ఒక్కటే.

పిల్ల అప్పటికే కంచె ఎక్కుతోంది. నున్నటి బండమీద కాలు జారి కుయ్యోమంది. తల్లి కిందికి దిగింది. వెనక్కి తిరిగి పిల్ల వెంట పోయింది. రెండూ కందిచేలో కాలిదోవ మీదుగానే అడ్డంగా దాటి, బండల మధ్యనుంచి కొండెక్కిపోయాయి.

నేను మెట్లు ఎట్లా దిగానో నాకు తెలియదు. అత్త ఇంకా తలుపు వెనకే ఉంది. "అత్తా, పోయినాయి. రా" అన్నాను. తలుపు లాగబోతే వెనకనుంచి గట్టిగా పట్టుకుని ఉంది. ఆ వేళ్ళను నేనే ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది.

అప్పుడే కంచె అవతలినుంచి గొంతు వినపడింది. "ఏమప్పా, పొద్దున్నే అందురూ మిద్దెలెక్కినారే? ఏమన్నా సినిమా తీస్తాండారా?"

మా ఆయన. భుజాన సంచి, నిద్రచాలని కళ్ళు. కందిచేలోనుంచి, ఆ కాలిదోవ మీదనుంచే వచ్చాడు. నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది, ఆ మనిషిని కొట్టాలనీ అనిపించింది.

అత్త నన్ను పక్కకు తోసి కంచె దగ్గరికి పోయింది. రెండు చేతులూ చాచి కొడుకు ముఖాన్ని పట్టుకుంది. నుదురు తడిమింది. ఒక కన్ను, ఇంకో కన్ను. ముక్కు, రెండు చెంపలూ, గడ్డం. మళ్ళీ మొదటినుంచి.

"ఏంమా ఇది, అందురూ సూస్తాండారు" అని మా ఆయన సిగ్గుపడి నవ్వాడు. "చేతులేంది ఇంత సల్లగుండాయి?"

ఆమె వినలేదు. చెంపలమీద చేతులు అట్లాగే పెట్టుకుని, కొడుకు ముఖం మొత్తం ఉందో లేదో చూసుకుంటూనే ఉంది.