కళ్ళు పెట్టని పునీతుడు

మా కథీడ్రల్‌లో ఎడమపక్క ఒక చిన్న గుడి ఉంది. చాపెల్ అనాలట. మా ఇంట్లో అందరూ చిన్నగుడి అనే అంటాం. పైన గుమ్మటం లోపలంతా నీలం రంగు, దాని మీద బంగారు చుక్కలు. కిటికీకి రంగుటద్దాలు. సాయంత్రం ఎండ పడితే, మోకాళ్ళ మీద కూర్చున్న భక్తుల్లో ఒకరి నెత్తి ఎర్రగా, ఇంకొకరి నెత్తి ఆకుపచ్చగా మెరుస్తుంది. బల్ల మీద తెల్లటి లేసు గుడ్డ, ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు, లిల్లీ పూల దండలు. వాటి వెనక గోడంతా పునీతుడి బొమ్మ.

పోగొట్టుకున్నవి వెతికిపెట్టే పునీతుడాయన. మంగళవారం ఆయన ప్రార్థనకు వస్తే ఏ మతం వాళ్ళన్నది ఎవరూ అడగరు. మౌలాలి నుంచి ఒకామె తప్పిపోయిన మేక కోసం మొక్కుకుని ఇంటికెళ్ళేసరికి, గుమ్మంలో తన మేకతో పాటు పక్కింటివాళ్ళ మేక కూడా నిలబడి ఉందట. నా మాటల్లో ఇలాంటి మేకలు కాస్త ఎక్కువే దొరుకుతాయని తెలిసినవాళ్ళకు తెలుసు. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం కల్పించే పని పెద్దగా పడలేదు.

ఓ వానాకాలం గుమ్మటం కారి, గోడ మీది పాత బొమ్మ పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నేను యూనివర్సిటీలో గుమాస్తాను. బొమ్మలు నేర్చుకుంటున్న అమ్మాయి ఒకామె క్యాంపస్ హాస్టల్లో ఉందని, చెయ్యి చాలా మంచిదని, గుళ్ళో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి గారికి చెప్పాను. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ముసలైపోయిన మనిషి. ఫాదర్ గారు మారినా, బిషప్ గారు మారినా, చిన్నగుడి తాళాలు మాత్రం ఆయన మొలతాడుకే ఉండేవి. నేనాయన్ని బాబాయ్ అంటాను.

"ఉద్యమం పిల్లని తీసుకొచ్చి గుళ్ళో పెడతావుట్రా? మనం ఆంధ్రావాళ్ళమని తెలిస్తే ఏవన్నా ఉందా?"

"నువ్వు నోరు తెరిస్తే ఎలాగూ తెలుస్తుంది బాబాయ్. ఆ పిల్లకి పూచీ నాది."

అమ్మాయి వచ్చింది. నల్లగొండ వైపు రైతు కుటుంబం. రంగుల డబ్బా మూత మీద 'జై తెలంగాణ' స్టిక్కర్. బాబాయ్ దాన్ని చూసి, చూడనట్టు పక్కకు తిరిగి కొవ్వొత్తులు సర్దాడు.

సముద్రపు ఒడ్డున నిలబడి పునీతుడు చేపలకు బోధిస్తుంటే, చేపలన్నీ తలలు పైకెత్తి వింటున్నాయి. పాత బొమ్మ అది. మళ్ళీ అదే వెయ్యాలి. అంచుకు మాత్రం పూల తీగ వద్దంది ఆ పిల్ల. జనం పోగొట్టుకునే వస్తువులు వేసింది: తాళంచెవుల గుత్తి, కళ్ళజోడు, ఒంటి చెప్పు. నేను చెప్పింది నమ్మి రెండు మేకల్ని కూడా వేసింది. నేను దిద్దలేదు.

గొడవ చేపల దగ్గర వచ్చింది.

"ఇవేం చేపలమ్మా? పాము తలకాయలేసుకుని!"

"కొర్రమీన్లు తాతా."

"పునీతుడు చెప్పింది సముద్రం దగ్గర. చెరువుగట్టు మీద కాదు. పులస వెయ్యి, పులస!"

"నేను పులస సూడలే. సూడని చేప గీస్తే సచ్చిన చేప లెక్క ఉంటది."

"పులస చూడలేదుట!" అని బాబాయ్ నావైపు తిరిగాడు, ఆ పిల్లకి అన్నం పెట్టకుండా పెంచారన్నంత జాలిగా.

ఆ కోపంలో గోడని దగ్గరగా చూశాడో ఏమో, అప్పుడు గమనించాడు. పునీతుడికి కళ్ళు లేవు. ఒక్క చేపకూ లేవు. రెండు మేకలకూ లేవు.

"మా తాత ఊర్ల పోచమ్మ గుడికి బొమ్మలేసేటోడు," అంది అమ్మాయి. "కండ్లు ఆఖర్ల పెడ్తరు. మొదలువెట్టినోళ్ళే పెట్టాలె. పెట్టినంక ఇగ ఒక్క గీత గూడ గీయొద్దు."

పునీతుడి పండుగ ముందురోజు సాయంత్రం బిషప్ గారు వచ్చి గోడకు కట్టిన తెర తీయాలి. ఆ పొద్దున్నే అమ్మాయి హాస్టల్‌కు వెళ్ళింది. కళ్ళు పెట్టడానికి వాళ్ళ తాత ఇచ్చిన ఉడుత వెంట్రుకల కుంచె అక్కడే ఉందట. ఇలా వెళ్ళి అలా వస్తానంది. ఆమె లోపలికి వెళ్ళాక క్యాంపస్‌లో ఊరేగింపు బయల్దేరింది. పోలీసులు గేట్లు మూసేశారు. కాసేపటికి తార్నాకలో బట్టలారేసుకుంటున్న ఆడవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పరిగెత్తారు. టియర్ గ్యాస్. ఫోన్ చేస్తే స్విచాఫ్.

"పోగొట్టుకున్నవి వెతికే మనిషికి కళ్ళే లేకపోతే బిషప్ గారి ముందు నా తలెక్కడ పెట్టుకోను?" అన్నాడు బాబాయ్. "నంబరు ప్లేట్లు రాసేవాణ్ణి పిలుస్తున్నాను. రెండు చుక్కలేగా."

"బాబాయ్, ఆ పిల్ల వస్తుంది."

"ఎలా వస్తుందిరా? ఎగిరా?"

ఆ పిల్లకి ఏమైందో చూడాలి. సందుల్లో పడి గేటు దగ్గరికి నడిచాను. షట్టర్లన్నీ దించేశారు. రోడ్డు మీద రాళ్ళు, తెగిన చెప్పులు. గేటుకు ఇవతల పోలీసులు, అవతల విద్యార్థులు. అవతల ఉన్న చేతులన్నీ పిడికిళ్ళే. వాటి మధ్య ఒక చెయ్యి మాత్రం సన్నటి కుంచె పట్టుకుని పైకి లేచి ఉంది.

గేటు దగ్గరున్న కానిస్టేబుల్ నెత్తి మీద టోపీ లేకుండా చెమటలు కక్కుతున్నాడు. నేను ఇక్కడి యాస తెచ్చిపెట్టుకుని మొదలుపెట్టాను.

"సార్, లోపల కండ్ల డాక్టరమ్మ ఉన్నది. మా ఇంట్ల పెద్దాయనకు ఇయ్యాల ఆపరేషన్. పొద్దుగూకితే ఇగ చూపు రాదు."

"ఏ డాక్టరమ్మ?"

చూపించాను. అమ్మాయి మోచేతుల దాకా నీలం రంగు, చెంప మీద పసుపు.

"ఏంది సార్, మీ డాక్టరు కండ్లకు సున్నమేస్తదా?"

ఇక లాభం లేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా మొత్తం జీవితంలో అంత నిజం ఒక్క గుక్కలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"పోయినయి దొరికిస్తడా మీ దేవుడు?"

"మేకల్ని కూడా."

"పొద్దుగాల గడబిడల నా టోపీ పోయింది. పైసార్ల ముంగట ఇజ్జత్ పోతున్నది. జర చెప్పుర్రి," అని గేటు మనిషి పట్టేంత తెరిచాడు.

గుడిదాకా ఇద్దరం దాదాపు పరిగెత్తాం. ఆమె కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. "దెబ్బలేమైనా తగిలాయా అమ్మా?" అంటే, "లే సార్. కుంచె కింద పడనియ్యలే," అంది.

చిన్నగుడిలో నంబరు ప్లేట్ల మనిషి పీట మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కన మరో రెండు ఖాళీ గ్లాసులు. బాబాయ్ చేతిలో ఫ్లాస్కు.

"ఎంత సేపు తాగిస్తారండీ? రెండు చుక్కలు పెట్టి పోతా," అంటున్నాడా మనిషి.

"ఇంకొక్కటి తాగవయ్యా, అల్లం వేశాను," అంటూ బాబాయ్ మమ్మల్ని చూశాడు. ఫ్లాస్కు మూత టక్కున బిగించాడు. "వచ్చావా తల్లీ!" అన్నాడు. అంతే, గోడవైపు తిరిగిపోయాడు.

అమ్మాయి ముఖం కడుక్కుని, కుంచె విదిల్చింది. కళ్ళు పెడితే ఇక గీత గీయకూడదు కదా అని గుర్తొచ్చి, కానిస్టేబుల్ టోపీ సంగతి ఎత్తాను.

"పునీతుడి గోడ మీద పోలీసు టోపీయా!" అన్నాడు బాబాయ్. "ఒప్పుకోను."

"నిజంగ పోయింది కద తాతా. నన్ను బయటికి ఇడిసిపెట్టింది గా సారే," అంది అమ్మాయి.

బాబాయ్ గొణిగాడు. లేసు గుడ్డ సర్దాడు. సర్దిందే మళ్ళీ సర్దాడు.

"పోనీ... ఒక్క పులసకి చోటుందా?"

"ఎట్లుంటదో మీరు చెప్పుర్రి, గీస్త."

ఆయన చెప్పాడు. పొట్ట దగ్గర వెండి మెరుపు, పొలుసుల వరస, తోక చీలిక, ఏటికి ఎదురీదేటప్పుడు ఒళ్ళు వంచే తీరు. చేతులు గాల్లో ఈదుతున్నాయి. కొర్రమీన్ల మధ్య పులస తేలింది. అంచు మీద ఒంటి చెప్పు పక్కన టోపీ కుదురుకుంది.

అప్పుడు కళ్ళు పెట్టింది. ముందు చేపలకు, తర్వాత మేకలకు, చివర్న పునీతుడికి. గ్యాస్ మంటకు ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. భుజానికి తుడుచుకుంటూ పెట్టింది. అందుకేనేమో, పునీతుడి చూపు అప్పుడే ఏడుపు ఆపిన మనిషి చూపులా వచ్చింది. బిషప్ గారు తెర తీసి, అంచు మీది వస్తువులన్నీ వరసగా చూశారు. తర్వాత చేపల దగ్గరికి వంగి, "ఇది పులస కదూ?" అన్నారు. బాబాయ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆ పై మంగళవారం, ప్రార్థన అయ్యాక, ఆ కానిస్టేబుల్ వచ్చాడు. తల మీద టోపీ ఉంది.

"దొరికిందా సార్?" అన్నాను ఆనందం పట్టలేక.

"ఏడ దొరికింది? స్టేషన్ల కొత్తది ఇచ్చిండ్రు." గోడ అంచు మీది టోపీని వేలితో చూపించి, తన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "నాది ఏడున్నదో తెలిసింది కద. సాలు."