ఖాళీ గడిలో వేసిన సున్నా

మూడు వానాకాలాలుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా పేరు చెప్పను. జరిగింది మాత్రం దాచకుండా చెబుతాను, వినండి.

సుక్మాలో ఒక ఆరోగ్య శాఖ ఆఫీసులో డేటా పని నాది. పనిలో నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు. ఇప్పటికీ లేరు, అదే కదా నా బాధ. ఊళ్ల నుంచి వచ్చే జ్వరాల లెక్కలన్నీ క్లౌడ్‌లోని డేటాబేస్‌లో చేరతాయి. మలేరియా ముప్పు ఎక్కడ ఎక్కువో అంచనా వేసే మోడల్‌ని ఆ డేటాబేస్ లోపలే నడిపేదాన్ని. మా దగ్గర నెట్ ఉన్న తీరుకి పెద్ద ఫైళ్లు దింపుకుంటూ కూర్చుంటే అయినట్టే. ఏం కావాలో అడిగే నాలుగు వరసల ఆదేశం, చిన్న క్వెరీ, పంపితే లెక్కంతా అక్కడే జరిగి, వైద్య బృందం ముందు ఏ ఊరికి వెళ్లాలో జాబితా తిరిగొచ్చేది. ఆ పద్ధతి తెచ్చింది నేనే. ఆ గర్వం నాకుంది, ఎందుకు దాచాలి?

మూడేళ్ల కిందటి వానల్లో వాగు పొంగి కాగితాలు రాక, కిష్టారం అవతల ఒక ఊరి గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ ఉంటే మోడల్ ఆ ఊరిని వదిలేస్తుంది. మర్నాడు మీటింగు, జాబితాలో అన్ని ఊళ్లూ ఉండాలన్నారు. లెక్క లేనిచోట సున్నా వెయ్యమని క్వెరీలో ఒక్క ముక్క చేర్చాను. ఊరు జాబితాలో అట్టడుగుకు పోయింది.

తెలియక చేశానా? కాదు. మాది కొంటాలో కిరాణా కొట్టు. వాగు పొంగితే ఆ వైపు ఊళ్లవాళ్లు వారాల తరబడి రారు. రానంతమాత్రాన వాళ్లు ఉప్పు తినడం మానేశారని మా నాన్న ఏనాడూ అనుకోలేదు. ఆ ఇంట్లో పుట్టిన నేను, కాగితం రాలేదు గనక జ్వరం లేదని తేల్చేశాను.

వాగు తగ్గాక కాగితాలు వచ్చాయి. సమ్మక్క పంపింది. ఆమె ఆ ఊరి మితానిన్, ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకుని మందులిచ్చే మనిషి. మలేరియా ఉందో లేదో రక్తం చూసే పట్టీలు అయిపోయాయని, జ్వరాల లెక్క మాత్రం రాశానని కబురు కూడా పెట్టింది. అప్పటికే మా సార్ నా జాబితాని నలుగురిలో మెచ్చుకున్నారు. మళ్లీ నడపడానికి పది నిమిషాలు చాలు. కానీ సున్నాలు నేనే వేశానని నోరు తెరిచి చెప్పాలి. చెప్పలేదు. కాగితాలు సొరుగులో పెట్టేశాను.

సంత రోజు నేను కొంటాలో మా కొట్లో కూర్చుని ఉండగా సమ్మక్కే వచ్చింది. చిన్నప్పటి నుంచీ నన్నెరిగిన మనిషి.

"మా కాయితాలు ఎక్కినయా బిడ్డా?"

"ఎక్కినయ్ సమ్మక్కా."

"మిషన్ ఏమంటాంది? మా కోడలు లచ్చి కడుపుతోటి ఉన్నది, జరం ఇడుస్తలేదు. మలేరియా అంటే మంచం మీద ఏసుకొని మోసుకొస్తం. వట్టి జరమైతే ఈ బురదల దాన్ని కదిలియ్యం."

"మీ ఊర్ల మలేరియా లేదనే అంటాంది."

ఆమె ముఖం తేటపడింది. జ్వరం బిళ్లలు కొనుక్కుని వెళ్లిపోయింది. మోసుకురమ్మని ఒక్క మాట అనడానికి నాకేం పోయింది? మిషన్ సంగతి వదిలెయ్, ఎందుకైనా మంచిది తీసుకురా అంటే సరిపోయేది కదా. అంటే మరి నా జాబితాని నేనే నమ్మనట్టు అవుతుందని ఊరుకున్నాను. సిగ్గులేని తెలివి.

ఎనిమిదో రోజున లచ్చి పోయింది. కడుపులో బిడ్డ కూడా దక్కలేదు.

అప్పుడు సొరుగు తీశాను. కాగితాలన్నీ పాత తేదీలతో ఎక్కించి మోడల్‌ని మళ్లీ నడిపాను. ఆ ఊరు మొదటి వరసలో వచ్చింది. నేను చేసిన మోడల్ మంచిదే. ఉన్నది ఉన్నట్టు ఇస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇప్పుడు ఆ టేబుల్ ఎవరు తెరిచి చూసినా తప్పు కనిపించదు, అంత శుభ్రంగా సర్దాను.

సమ్మక్క నన్ను ఏమీ అనలేదు. మిషన్‌కి తెలియక చెప్పిందిలే, నువ్వేం చేస్తావు బిడ్డా అని నన్నే ఓదార్చింది. నేను తలూపాను. ఆ తలూపడం నాకు అన్నిటికన్నా బరువు.

మిషన్ ఏమీ అనలేదు సమ్మక్కా. నీ లెక్క ఇచ్చి దాన్ని నేను అడగనే లేదు. నీ కాగితాలు నా సొరుగులో ఉన్నాయి, నీ ఎదుట కూర్చుని అబద్ధం చెప్పాను. ఆమెతో అనాల్సిన ఈ మాటలు ముందు మీ దగ్గర అంటున్నాను, నోటికి రావాలని. వచ్చాయి. గుండె కాస్త తేలికైంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని కూడా తెలుసు.